ముగ్గురు స్వాములు, ఒక పొత్తు

సాయంత్రం నడకకని హైదరాబాదులో ఖాజాగూడ చెరువు వైపు వెళ్లి వస్తుంటే ఒక సభామందిరం బయట బ్యానరు కనబడింది. ‘అంతర్జాతీయ అభివృద్ధికి ప్రభుత్వ, వ్యాపార రంగాల భాగస్వామ్యం’. సభ అప్పటికే అయిపోయింది. లోపల కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నారు. గాలికి బ్యానరు ఒక కొస ఊడి, చివరి మాట మడతపడి ‘భాగస్వా’ దగ్గర ఆగింది. సగం మాట మీద ఆగడం నాకు చేతకాదు. ఇంటికి వచ్చి నిఘంటువులు దింపుకుని కూర్చున్నాను.

అన్నిటికంటే ముందు, నిలబడ్డ చోటి పేరు చూసుకోవాలి. ఖాజా అన్నది పారశీకపు ఖ్వాజా. ప్రభువు, యజమాని, గురువు, ధనికుడైన వర్తకుడు అని దానికి అర్థాలు. తుర్కీకి వెళ్లి ‘హోజా’ అయి పిల్లలకు చదువు చెప్పింది. గుజరాతు తీరంలో ఖోజాలనే వర్తక సమాజానికి పేరైంది. ఈజిప్టులో, సూడానులో ‘ఖవాజా’ అంటే పరదేశి, అందులోనూ పడమటి దేశస్థుడు. అజ్మీరులో అదే మాట వింటే చెయ్యి దానంతటదే గుండెమీదికి పోతుంది. దర్బారు, దుకాణం, బడి, దర్గా, రేవు అన్నీ తిరిగిన మాట ఇది. తాపేశ్వరం కాజాకు మాత్రం దీనితో బంధుత్వం లేదు. అది ‘ఖాద్యం’ నుంచి వచ్చిన తిండి మాట. అయినా దాన్ని పక్కన ఉంచుకుందాం. తిండితో ముందుముందు పని పడుతుంది.

ఖ్వాజా అనే మాటలోని ప్రభువూ వర్తకుడూ ఒకే మనిషిగా నడిచిన కాలం దక్కనులో ఉంది. మహమూద్ గవాన్ కాస్పియన్ సముద్రం ఒడ్డున ఉన్న గీలాన్ నుంచి వ్యాపారిగా వచ్చి బీదరు చేరాడు, బహమనీ సుల్తానులకు ప్రధానమంత్రి అయ్యాడు. ఆయన బిరుదుల్లో ఒకటి మలిక్-ఉత్-తుజ్జార్, అంటే వర్తకుల రాజు. మరొకటి ఖ్వాజా-ఎ-జహాన్, అంటే లోకానికి ఖాజా. 1472లో ఆయన కట్టించిన మదరసా బీదరులో సగం కూలి సగం నిలిచి ఇప్పటికీ ఉంది. 1481లో ఆయనకు మరణశిక్ష పడింది, అదీ ఎవరో పుట్టించిన దొంగ ఉత్తరం మీద. వ్యాపారికి సర్కారుతో పొత్తు అప్పట్లో ప్రాణంతో కూడిన లెక్క.

ఇక ‘గూడ’. గూడెం అంటే చిన్న పల్లె. గూడెం అన్నప్పుడల్లా నా చెవికి గూడు వినిపిస్తుంది. ఇప్పుడు ఖాజాగూడలో ముప్పై నలభై అంతస్తుల గూళ్లు లేచాయి. వాటి పక్కనే ఫక్రుద్దీన్ గుట్ట, దర్గా, గుడి, ఏనుగుల్లా కూర్చున్న గ్రానైటు బండలు. ఆ బండల వయసు రెండున్నర వందల కోట్ల ఏళ్లని భూవిజ్ఞానులు చెబుతారు. వాటి ముందు పారశీకమూ సంస్కృతమూ కూడా నిన్న మొన్నటి పిల్లలే.

బ్యానరుమీది మాటల్లో కొన్నిటిని తొందరగా దాటవచ్చు. ‘అంతర్జాతీయ’లోని జాతి ‘జన్’ ధాతువునుంచి వచ్చింది, పుట్టుక అని అర్థం. ఇంగ్లీషు నేషన్ కూడా లాటినులో పుట్టుకనే చెబుతుంది. మరింత తవ్వితే ఆ రెండు పుట్టుకలూ ఒకే ఇండో-యూరోపియన్ ధాతువు పిల్లలు. అంటే జాతి, నేషన్ అనువాద సంబంధంతో ఆగలేదు, రక్తసంబంధానికే వెళ్లాయి. ‘వ్యాపారం’ సంస్కృతంలో మొదట అమ్మకం కొనుగోలు కాదు, ఏదో ఒక పనిలో మునిగి ఉండడం. బిజినెస్ కూడా బిజీగా ఉండడం నుంచే వచ్చింది. రెండు భాషల వాళ్లూ తీరిక లేని మనిషిని చూసి వీడు వర్తకుడే అయి ఉంటాడని తేల్చుకున్నారు.

‘అభివృద్ధి’ దగ్గర కాస్త ఆగాలి. ‘వృధ్’ అంటే పెరగడం. పెరిగిన మనిషి వృద్ధుడు. ‘వర్ధంతి’ కన్నడంలో నేటికీ పుట్టినరోజు. మన దగ్గర ఎందుకో పోయినరోజుగా మారింది. ఇదే వృద్ధి ప్రాకృతంలో నలిగి మనకు ‘వడ్డీ’గా చేరింది. సంస్కృత ధర్మశాస్త్రాల్లో కూడా వృద్ధి అంటే అప్పుమీద పెరిగేదే. అభివృద్ధి, వడ్డీ ఒకే తల్లి పిల్లలన్నమాట. 1998లో ఆంధ్రప్రదేశ్ ఆర్థిక పునర్నిర్మాణానికి ప్రపంచ బ్యాంకు రుణమిచ్చినప్పుడు ఈ అక్కచెల్లెళ్లు హైదరాబాదులో చాలాకాలం తర్వాత కలుసుకున్నారు. ఆ కలయికను పండుగ అన్నవారూ ఉన్నారు, పీడ అన్నవారూ ఉన్నారు. మాటల చరిత్ర మాత్రం ఆ చుట్టరికాన్ని ఎన్నడూ దాచలేదు.

ఇప్పుడు ‘ప్రభుత్వ రంగం’. ఇంగ్లీషు పబ్లిక్ అనే మాట వెనక లాటిను ‘పాపులుస్’ ఉంది, జనం ఉన్నారు. ప్రైవేటు అంటే జనంనుంచి విడివడినది, ఒక విధంగా వంచితమైనది. తమిళులు ప్రభుత్వ రంగాన్ని ‘పొదుత్తుఱై’ అంటారు. పొదు అంటే అందరికీ చెందినది. మనం ఆ మాటను తెచ్చుకుంటూ జనాన్ని వదిలేసి ప్రభువును పట్టుకున్నాం. ప్రభుత్వం అంటే ప్రభువుతనం. ఒక కర్మాగారం ప్రభుత్వ రంగంలో ఉందంటే అది నాది, నీది అని మనకు అనిపించదు. పైనెక్కడో ఒక ప్రభువుది అనిపిస్తుంది. వాడుకలో ఉన్న సర్కారు కాస్త నయం. ‘సర్’ అంటే తల, ‘కార్’ అంటే పని. పనికి తలకాయ అని దానర్థం. కనీసం పని గుర్తుంది.

భాగస్వామిలో స్వామి, ప్రభుత్వంలో ప్రభువు, ఊరి పేరులో ఖాజా. ఒక్క బ్యానరు కింద ముగ్గురు దొరలు చేరారు. వీరు ముగ్గురూ కూర్చుని ఎవరి అభివృద్ధి గురించి మాట్లాడుకుంటారో, ఆ మనిషికి బ్యానరుమీద మాట లేదు.

నిజానికి ఉంది, కాస్త లోపలికి వెళ్లాలి. ‘స్వ’ అంటే తనది. తనదంటూ కలవాడు స్వామి. ఆ కలిగి ఉండడం స్వామ్యం. హిందీవాళ్లు డెమోక్రసీని లోక్‌తంత్ర్ అన్నారు, జనం నడిపే యంత్రాంగమని. మనం ప్రజాస్వామ్యం అన్నాం. ప్రజల సొంతం అని. ఇంత గట్టి మాట పక్క భాషల్లో నాకు తగల్లేదు. ప్రభుత్వం అన్న మాటలో పోగొట్టుకున్న జనాన్ని ప్రజాస్వామ్యం అన్న మాటలో తిరిగి రాబట్టుకున్నాం. భాగస్వామ్యం, ప్రజాస్వామ్యం ఒకే ప్రాసలో కుదరడం యాదృచ్ఛికమే. అయినా మొదటిదాన్ని రెండోదాని గుమ్మంలో నిలబెట్టి, నీలో ఎవరి స్వామ్యం ఉందని అడగాల్సిందేనని నా పట్టుదల.

‘భాగం’ సంగతి ఇంకా రుచికరం. ‘భజ్’ అంటే పంచడం, పంచుకోవడం. పంచగా వచ్చినది భాగం. మన వంతుకు వచ్చినది భాగ్యం. పంచిపెట్టేవాడు భగవంతుడు. తన వంతును ఆయనతో పంచుకున్నవాడు భక్తుడు. పాత పారశీకంలో ‘బగ’ అంటే దేవుడు; బాగ్దాదు అంటే దేవుడిచ్చినది. రష్యనులో దేవుణ్ణి ‘బోగ్’ అంటారు. భాగ్యనగరం, బాగ్దాదు ఒకే పంపకంలో చెరో వాటా అందుకున్న ఊళ్లు. సంస్కృతంలో ‘భక్తం’ అంటే వండిన అన్నం కూడా, విస్తట్లో పంచి పెట్టినది కనుక. అదే హిందీలో భాత్ అయింది, మరాఠీ వంటింట్లో తిరిగి వాంగీబాత్‌గా మన హోటళ్లకు చేరింది. భక్తుడికీ బాత్‌కీ బంధుత్వముందని తెలిసినప్పటినుంచి నాకు రెండింటిమీదా గౌరవం పెరిగింది.

ఇంకొకటి ఉంది. దాన్ని కనుక్కున్న రాత్రి నిద్ర పట్టలేదు. భజ్ ధాతువుకు కోరికను చెప్పే రూపంగా సంస్కృత పండితులు ‘భిక్ష్’ను చూపుతారు. భాగాన్ని కోరుకోవడం భిక్ష. అంటే భిక్ష అడిగేవాడు మొదట్లో దయ అడగలేదు, తన వంతు అడిగాడు. ఇల్లాలు జోలెలో వేసిన పిడికెడు బియ్యం ఆమె ధర్మమెంతో ఆయన భాగమూ అంత.

దేశాల మధ్య సహాయం కథంతా ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరమే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కొన్ని దేశాలు దాతలయ్యాయి, మిగిలినవి గ్రహీతలు. లెస్టర్ పియర్సన్ అధ్యక్షతన ఏర్పడ్డ సంఘం 1969లో ఇచ్చిన నివేదిక పేరులోనే అభివృద్ధిలో భాగస్వాములు అన్న భావం వచ్చింది. 2000లో ఐక్యరాజ్యసమితి సహస్రాబ్ది లక్ష్యాల్లో ఎనిమిదోది ప్రపంచ భాగస్వామ్యం. 2015 నాటి పదిహేడు సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో పదిహేడోదీ అదే. రెండుసార్లూ చివరి సీటే దొరికింది దానికి. పేరైతే భిక్ష నుంచి భాగానికి జరిగింది. పాత్రలో పడేది జరిగిందా అన్నది వేరే విచారణ.

పార్ట్‌నర్ అన్న ఇంగ్లీషు మాట కూడా తక్కువ తినలేదు. దాని పాత రూపం ‘పార్సెనర్’. తండ్రి ఆస్తిలో ఉమ్మడి హక్కున్న వారసుడు. హిందూ న్యాయశాస్త్రంలో కోపార్సెనర్ అని ఇప్పటికీ వాడతారు. తెలుగులో అతడే దాయాది, దాయం పొందేవాడు. పొరుగుదేశంతో క్రికెట్ ఆట ఉన్నరోజు మన పత్రికలు ఆ మాటను ఎంత ఆప్యాయంగా వాడతాయో తెలిసిందే. కాబట్టి పార్ట్‌నర్లను నమ్ముకోమనేవాళ్లు దాయాదుల కథలు కూడా చదివి ఉండాలి. ఆడపిల్లకు ఆ దాయంలో పుట్టుకతో సమభాగం దక్కింది మన ఉమ్మడి రాష్ట్రంలో 1985 నాటి సవరణ తర్వాతే. ఒక మాట పరిధి పెరగడానికి ఎన్ని వేల ఏళ్లు పట్టిందో!

పుస్తకాలు మూసి మర్నాడు ఖాజాగూడ చౌరస్తాలో చాయ్ తాగుతూ బండి అతణ్ణి అడిగాను: ‘ఈ బండి నీదేనా అన్నా?’

‘పొత్తుల పెట్టినం సార్. బండి మా బామ్మర్దిది, కష్టం నాది. రాత్రికి గల్లాపెట్టె ముంగటేస్కొని లెక్క జూస్కుంటం.’

‘లెక్కలో తేడా వస్తే?’

‘తినేది ఒక్కతాన్నే గద సార్. తేడా ఏడికి వోతది?’

పొత్తు! నిఘంటువుల దొంతరలో నేను వెతకని అచ్చతెలుగు మాట గాజు గ్లాసుతోపాటు చేతికి వచ్చింది. పొత్తుకు స్నేహం, కలయిక, ఉమ్మడి వ్యవహారం అనే అర్థాలు మనకు తెలిసినవే. ఎన్నికలప్పుడు పార్టీలు ఆ మాటను అరగదీస్తాయి. పాత అర్థం మరొకటి ఉంది. కలిసి భోజనం చేయడం. పూర్వులు ‘పొత్తున కుడవడం’ అన్నది ఒకే కంచంలో తినడాన్ని. పెళ్లిలో వధూవరులను కలిపి కూర్చోబెట్టి పెట్టే బువ్వపుబంతిలో ఆ పాత అర్థమే ఇంకా బతికి ఉంది. బండి అతను నిఘంటువు చూడకుండానే లెక్కనూ తిండినీ ఒక వాక్యంలో కలిపేశాడు.

తమిళ ‘పొదు’ను మన పొత్తు పక్కన పెట్టి చూస్తే రూపమూ అర్థమూ భుజం భుజం రాసుకుంటాయి. అందరిదీ అని వాళ్లన్నది, అందరూ కలిసి తినడం అని మనకు వినిపిస్తుంది.

కంపెనీ ఏమిటో చూడండి. లాటినులో ‘కమ్’ అంటే కూడి, ‘పానిస్’ అంటే రొట్టె. కలిసి రొట్టె తినేవాళ్ల గుంపు కంపెనీ. వాళ్ల రొట్టె, మన బువ్వ. వాళ్ల కంపెనీ, మన పొత్తు. మనకు కలవడం కూడడమే, తిండీ కూడే. ఆ రెండు కూడులూ పుట్టుకలో వేరు. తమిళంలో గంజి ‘కూళ్’ అవుతుంది, చేరడం ‘కూడు’ అవుతుంది. తెలుగులో కాలక్రమాన ఒకే రూపంలో కలిసిపోయాయి. శబ్దశాస్త్రం దాన్ని యాదృచ్ఛికం అంటుంది. వేరుకాపురం పెట్టుకున్న రెండు మాటలు తెలుగువాడి నోట్లో ఒకింటికి చేరాయని నేను సంతోషపడతాను.

ఐతే కంపెనీ తెలుగునేలకు మొదటిసారి వచ్చినప్పుడు దాన్ని మనవాళ్లు ‘కుంపిణీ’ అన్నారు. మచిలీపట్నంలో వర్తకం కోసం దిగిన కుంపిణీ 1760లలో ఉత్తర సర్కారుల్ని చేజిక్కించుకుని తానే సర్కారైంది. కుంపిణీ సర్కారు అన్న జంట మాటలో రొట్టె పంచుకోవడం లేదు. వర్తకుడూ ప్రభువూ ఒకడే అయినప్పుడు లెక్క అడిగేవాడు ఉండడు. ప్రభుత్వ, వ్యాపార పొత్తు అనగానే మన పెద్దలు ఇప్పటికీ ఉలిక్కిపడతారంటే కారణం ఆ జ్ఞాపకమే. దాన్ని పాతకాలపు భయమని తోసేయడం నాకు ఇష్టం ఉండదు.

కుంపిణీకి అయిదు వందల ఏళ్లు ముందు వేరే దారి చూపిన శాసనం తెలుగుతీరంలో ఉంది. మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం అది. అంతకుముందు తుఫానుకు దారితప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకునంతా రాజులు లాక్కునేవారు. గణపతిదేవుడు దాన్ని మాన్పించాడు. దేశదేశాల ఓడ వర్తకులకు అభయమిచ్చి, న్యాయమైన శుల్కం మాత్రమే తీసుకుంటానన్నాడు. ముప్పైలో ఒక వంతు. గంధం, చీనీ కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టునూలు, పగడాలు అంటూ ఏ సరుకుకు ఏ సుంకమో ఎవరైనా చదువుకునేలా రాతిమీద చెక్కించాడు. ఆయన వర్తకుడికి ఇచ్చింది రాయితీ కాదు, భయం లేకపోవడం. తన భాగమెంతో రాయించి నడిబజారులో నిలబెట్టాడు. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా ఇంతకంటే మంచి నమూనా ఒప్పందాన్ని చూపమంటే తడబడతాను.

ఖాజాగూడకు కొద్ది మైళ్లలో ఉన్న సైబర్ టవర్స్ కూడా ఇలాంటి పొత్తే. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి ప్రారంభించిన ఆ భవనాన్ని కట్టిన ఉమ్మడి సంస్థలో లార్సెన్ అండ్ టూబ్రోకు 89 పాళ్లు, ప్రభుత్వపు పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థకు 11. లెక్కగా చూస్తే సర్కారుది చిన్న పాలు. నేల, రోడ్డు, అనుమతి, పూచీ అనేవి శాతాల్లోకి ఎక్కవు. ‘పాలుపంచుకోవడం’ అంటాం కదా, ఆ పాలు వాటా. అయినా ప్రతిసారీ నాకు గిన్నెలో పోసిన పాలే కళ్లముందు కదులుతాయి. అందరూ గుమ్మపాలు లెక్కపెడతారు గానీ గడ్డి వేసిన చెయ్యి ఎవరిదో పుస్తకంలో రాయరు.

గడ్డి వేసిన చెయ్యి కథ చెప్పాలంటే నగరానికి అటు చివరకు, టీకాల సీమకు పోవాలి.

టీకా అన్నది కూడా జంట మాటే. సంస్కృతంలో వ్యాఖ్యానం, టీకా తాత్పర్యాలతో సహా అప్పజెప్పించిన పంతుళ్లను మరిచిపోలేం. హిందీనుంచి వచ్చిన టీకా అంటే బొట్టు, గుర్తు. ఆ సూదిపోటు గుర్తే మందుకు పేరైంది. ఇంగ్లీషు వాక్సిన్ లాటిను ఆవునుంచి పుట్టింది, జెన్నర్ ఆవుల మశూచి పుణ్యమా అని. 

1993లో కె.ఐ. వరప్రసాదరెడ్డి తల్లి పేరున శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. హెపటైటిస్-బి టీకా అప్పట్లో దిగుమతి సరుకు, సామాన్యుడికి అందని ధర. ఆ సంస్థ తొలి ప్రయోగాలకు తలుపు తెరిచింది ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఆ తర్వాత సీసీఎంబీ పరిశోధనశాల. రెండూ జనం డబ్బుతో కట్టినవే. పెట్టుబడికి అప్పటి ఒమన్ విదేశాంగమంత్రి యూసుఫ్ బిన్ అలావీ ముందుకొచ్చారు. కేంద్రప్రభుత్వపు టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు రుణమిచ్చింది. 1997లో మన దేశంలోనే తయారైన తొలి రీకాంబినెంట్ టీకా బయటికి వచ్చింది, ధర దిగివచ్చింది. భాగాలు పెట్టినవారు ఇందరు.

అదే శాంతాలో తయారైన మరొక టీకా ప్రయాణం నన్ను కదిలిస్తుంది. నోటిద్వారా వేసే కలరా టీకా అది. దాని తొలి విద్య స్వీడనులో పుట్టి వియత్నాంకు వెళ్లింది. అక్కడి ప్రభుత్వ సంస్థలు తక్కువ ఖర్చులో తమ పిల్లలకు వేసుకున్నాయి. సియోల్‌లోని అంతర్జాతీయ టీకా సంస్థ దాన్ని మెరుగుపరిచి హైదరాబాదుకు తెచ్చింది. కలకత్తా బస్తీల్లో పరీక్షించారు. షాంకాల్ పేరుతో 2009లో అనుమతి, 2011లో ప్రపంచ ఆరోగ్యసంస్థ గుర్తింపు వచ్చాయి. 2010 అక్టోబరులో హైతీలో కలరా చెలరేగింది. 2012లో ఆ దేశంలో దాదాపు లక్షమందికి వేసిన టీకా హైదరాబాదుదే.

అక్కడ ఆ టీకా వేసిన సంస్థల్లో ఒకదాని పేరు ఇంగ్లీషులో ఆరోగ్యానికి భాగస్వాములు అని ఉంటుంది. హైతీ క్రియోలులో జనం దాన్ని ‘జన్మి లాసాంతె’ అంటారు. జన్మి అంటే నేస్తాలు. ఫ్రెంచి ‘లెజామి’ నోట్లో నలిగి అలా మారింది. లాసాంతె అంటే ఆరోగ్యం. బీదవాళ్ల భాషలోకి వచ్చేసరికి భాగస్వామి నేస్తమయ్యాడు. పొత్తుకు స్నేహమనే అర్థాన్ని మన పల్లెలూ ఇలాగే ఉంచుకున్నాయి. ఇక శాంత, లాసాంతె అనే రెండు పేర్లు వరుసగా పలికి చూడండి. మూలాలు వేరు, సామ్యం వట్టి ధ్వనిది. అయినా ఒక తెలుగు తల్లి పేరు అంత దూరపు ద్వీపంలో ఆరోగ్యమన్న మాటతో చెవికి కలిసినందుకు నాకు ఒళ్లు పులకరిస్తుంది.

జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్‌ది ఇంకా పెద్ద బంతి. రోటా అంటే లాటినులో చక్రం, సూక్ష్మదర్శినిలో ఆ వైరస్ బండిచక్రంలా కనిపిస్తుంది. మన ‘రథం’ దానికి తోడబుట్టిందే. రోటాకీ రథానికీ ఒకే ధాతువు. పసిపిల్లల్ని విరేచనాలతో లాక్కుపోయే ఆ రథాన్ని ఆపే విద్య 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో, అప్పుడే పుట్టిన బిడ్డల వార్డులో దొరికింది. వైరస్ సోకినా జబ్బుపడని పిల్లలనుంచి మహారాజ్ కిషన్ భాన్ బృందం వేరుచేసిన రకం అది. కేంద్రపు బయోటెక్నాలజీ విభాగం, అమెరికా ప్రభుత్వ ఆరోగ్యసంస్థలు, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం, పాత్ సంస్థ, గేట్స్ ఫౌండేషన్, హైదరాబాదు కంపెనీ కలిసి దాదాపు మూడు దశాబ్దాలు మోశారు. ఢిల్లీ, పుణె, వెల్లూరుల్లో 6,799 మంది పసిబిడ్డలమీద చివరిదశ పరీక్షలు జరిగాయి. ఆ బిడ్డల తల్లులు కూడా భాగస్వాములే, ఏ బ్యానరుమీదా ఉండరు. 2013 మేలో ఫలితాలు ప్రకటించేనాటికే డోసు ధర ఒక డాలరని కంపెనీ మాటిచ్చి ఉంది. 2016లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలోకి తెచ్చిన మొదటి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2018 జనవరిలో ప్రపంచ ఆరోగ్యసంస్థ గుర్తింపుతో పరదేశాలకూ దారి తెరుచుకుంది.

ఈ కథలో ప్రభుత్వం పాత్ర ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఒక్క మాటే తోస్తుంది: వడ్డన. మన సామెత ఉండనే ఉంది, వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని. దాన్ని పక్షపాతానికి ఉదాహరణగా చెప్పి నవ్వుకుంటాం. అందులో దుఃఖం కూడా ఉంది. కడబంతిలో కూర్చున్నవాడికి వడ్డించేవాడు తనవాడు కాకపోతే ఆకు ఖాళీగానే ఉంటుందన్నమాట. బంతి ‘పంక్తి’నుంచి వచ్చింది, భోజనాల వరస. వ్యాపారం వండగలదు, రుచిగానూ వండగలదు. చేతిలో డబ్బున్న మొదటిబంతికి వడ్డించడం దానికి సహజం. హైతీ, వెల్లూరు కడబంతిలో ఉన్నాయి. అక్కడిదాకా గరిటె నడిపించేది ప్రభుత్వమే అయి ఉండాలి, ఆ గరిటెమీద ధర ముందుగా రాసి ఉండాలి. దానికి ప్రభువుతనం అక్కర్లేదు. పెళ్లిపందిట్లో వడ్డించే మేనమామకు ఉండే చూపు చాలు.

పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో ఈ పద్ధతి విత్తనాల్లో కనిపిస్తుంది. 1972లో పుట్టిన ఆ అంతర్జాతీయ సంస్థ సజ్జ, జొన్న, కంది, శనగ, వేరుశనగల్ని చూసుకుంటుంది, మనవీ ఆఫ్రికావీ అయిన మెట్టపంటల్ని. 2000లో ప్రైవేటు విత్తన కంపెనీలతో ఒక కూటమి కట్టింది. కంపెనీలు ఏటా డబ్బు కడతాయి, హైబ్రిడ్ తల్లిదండ్రుల వంగడాలు తీసుకుంటాయి. ఏ ఒక్క కంపెనీకీ వాటిని సొంతానికి రాసివ్వరు. ‘వంగడం’ అంటే పాత తెలుగులో వంశమే. వంశాన్ని ఉమ్మడిగా ఉంచి పంటను అమ్ముకోనివ్వడం దాయాదుల్ని పోట్లాడుకోనివ్వని పంపకం. మోటుపల్లి రాయిమీది తర్కం సజ్జచేలోకి నడిచొచ్చినట్టు ఉంటుంది.

భాగస్వామ్యం అనే మాటను తీసేయమని నేననడం లేదు. నాలుగు అక్షరాల సంస్కృత సమాసానికి ఒప్పందపత్రంలో ఉండే గౌరవం వేరు. కానీ ఆ పత్రాల్లో భాగాలు రాసేటప్పుడు ఎయిమ్స్ వార్డూ, ఉస్మానియా గదీ, వెల్లూరు తల్లీ ఏ గడిలోకి వస్తారో చూడాలి. గడి లేకపోతే గీయాలి. భిక్ష అని ఇవ్వబోతున్నది నిజానికి ఎవరి భాగమో ధాతుపాఠం ఎప్పుడో చెప్పింది.

నిన్న రాత్రి ఆలస్యంగా చౌరస్తా మీదుగా వచ్చాను. ఐటీ ఆఫీసుల బస్సులు వెళ్లిపోయాయి. చాయ్ బండి మీద పరదా కప్పేసి ఉంది. పక్కన బోర్లించిన పాలడబ్బాలమీద బావాబామ్మర్దులిద్దరూ కూర్చుని ఒకే టిఫిను డబ్బాలోంచి తింటున్నారు. గల్లాపెట్టె మూసే ఉంది.

‘లెక్క అయిందా?’ అన్నాను.

‘తిన్నంక జూస్కుంటం సార్,’ అని అతను మూడో డబ్బా ముందుకు జరిపాడు. ‘కూసోండ్రి. కూడు శానుంది.’